వెనక్కి నడిచే నీళ్ళు

కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు సింహద్వారం చెక్క కోసం ఊళ్ళు తిరుగుతారు. టైల్సు రంగు దగ్గర ఇంటిల్లిపాదీ వాదులాడుకుంటారు. వంటగది ఆగ్నేయానికి సరిగ్గా వచ్చిందో లేదో ఇద్దరు సిద్ధాంతుల్ని అడిగి గానీ ఊరుకోరు. గోడ కొట్టి, పైపులు వేసి, మీద సిమెంటు మెత్తే రోజున మాత్రం యజమాని అక్కడ ఉండడు. ఉన్నా ప్లంబరును అడిగేది ఒకటే: "సాయంత్రానికి అయిపోతుందా?"

ఆ రోజు అడగాల్సింది వేరే ఉంది. "ఈ పైపులో నీళ్ళు వెనక్కి వస్తే ఎక్కడికి పోతాయి?"

"వెనక్కెందుకొస్తాయి సార్, పైనుంచి కిందికే గదా పారేది" అంటాడు ప్లంబరు. మామూలు వేళల్లో అతను చెప్పింది నిజమే. కానీ పైపులో నీళ్ళకు ఎత్తూ పల్లంతో పాటు ఒత్తిడి కూడా లెక్కే. ఒత్తిడి ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు పోతాయి. గీజరు కాగినప్పుడు, పక్కింటి మోటారు లాగినప్పుడు, వీధి పైపు ఖాళీ అయినప్పుడు, ట్యాంకు కడగడానికి వాల్వు కట్టేసినప్పుడు దిశ మారిపోతుంది. తెలియని పనిలో తలదూరిస్తే మేస్త్రీ నొచ్చుకుంటాడేమోనన్న మొహమాటం మనకు బాగా ఎక్కువ. ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆ మొహమాటం వదిలేయండి. జవాబు వినగానే అతనికి పని ఎంత తెలుసో మీకు అర్థమైపోతుంది.

ఒకప్పుడు ఈ ప్రశ్న అవసరమే రాలేదు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వేణ్ణీళ్ళు పెరట్లో మూడు రాళ్ళ మీద కాగులో కాగేవి. కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళలో రాగి బాయిలరు ఉండేది, దాన్నీ బకెట్లతోనే నింపేవాళ్ళు. మంచినీళ్ళు చెరువు నుంచి బిందెలతో వచ్చేవి, గుడ్డలో వడగట్టి, పటికో ఇండుపగింజో తిప్పి తేర్చేవాళ్ళు. కాగుకీ మంచినీళ్ళ బిందెకీ మధ్య పైపు లేదు. కాగులో నాచు పట్టినా, అడుగున సున్నం పేరుకున్నా ఆ పాడు అక్కడే ఉండేది. ఇప్పుడు గీజరు, సోలారు, వంటింటి కుళాయి, బాత్రూము జెట్టు, వాటర్ ఫిల్టరు అన్నీ ఒకే పైపుకు కాసిన కాయలు. ఒకచోట జరిగిన తప్పు ఇంకోచోట గ్లాసులోకి వస్తుంది.

మన మైదానంలో ఇంకో చిక్కు ఉంది. పెదనందిపాడు, కాకుమాను, పర్చూరు వైపు చాలా ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీళ్ళే. పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఫ్లోరైడు. 1937లోనే షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు తెచ్చే, ఎముకల్ని వంచేసే జబ్బు గురించి రాశారు. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడేదాకా ఆ తాలూకాలు నెల్లూరులోవే. అందుకే ఇక్కడ ప్రతి ఇంట్లోనూ రెండు రకాల నీళ్ళుంటాయి. ఒకటి వాడకం నీళ్ళు, అంటే బోరువి. రెండోది మంచినీళ్ళు. గుంటూరులో అయితే తక్కెళ్ళపాడులో శుద్ధి చేసి వదిలే కృష్ణ నీళ్ళు, ఒంగోలులో అయితే సాగర్ కుడికాలువ నుంచి పెద్ద చెరువుల్లో నింపుకున్న నీళ్ళు. గీజరూ సోలారూ వచ్చాక మూడోది చేరింది. ఈ మూడింటినీ ఖర్చు తగ్గుతుందని ఒక టీ ముక్కతో కలిపేయడమే ఈ అధ్యాయంలో చెప్పబోయే రోగాలన్నిటికీ మూలం.

గీజరు కారుతోందంటే

ముందు గీజరు సంగతి. ఇరవై అయిదు డిగ్రీల నీటిని అరవై అయిదుకు వేడిచేస్తే అది నూటికి దాదాపు రెండు వంతులు ఉబ్బుతుంది. ఇరవై అయిదు లీటర్ల గీజరులో రమారమి నాలుగు వందల మిల్లీలీటర్లు, అంటే రెండు గ్లాసుల నీళ్ళు ఎక్కువవుతాయి. రెండు వందల లీటర్ల సోలారు ట్యాంకులో మూడు లీటర్లకు పైనే. గీజరు డబ్బా సాగదు. ఆ ఎక్కువైన నీళ్ళకు దారి కావాలి. చన్నీళ్ళు లోపలికి వచ్చిన పైపే దగ్గరి దారి. డాబా మీది ట్యాంకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే అక్కడి నుంచి వచ్చే ఒత్తిడి, ప్లంబర్ల భాషలో, అరకేజీ కూడా ఉండదు. ఉబ్బే నీటికి దాన్ని వెనక్కి నెట్టడం పెద్ద పని కాదు. తుప్పు, సున్నం పొక్కులు, లోపలి మెగ్నీషియం కడ్డీ కరిగిన మడ్డి, వీటిని మోసుకుని గోరువెచ్చని నీళ్ళు చన్నీళ్ళ లైన్లోకి జారతాయి. ఆ లైను వంటింటికి పోతోందా, ఫిల్టరుకు పోతోందా అన్నది మీ గోడలో ప్లంబరు చేసిన పని.

దీన్ని ఆపేది ఎన్నార్వీ, అంటే నాన్ రిటర్న్ వాల్వు. చేపలు పట్టే మావుకు లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు. దీని పనీ అంతే. గీజరులోకి వెళ్ళే చన్నీళ్ళ పైపుకు, గీజరుకు దగ్గరగా బిగించాలి. మీద బాణం గుర్తు ఉంటుంది, అది గీజరు వైపు చూడాలి. తిరగేసి బిగిస్తే నీళ్ళే రావు కాబట్టి ఆ తప్పు దాగదు. దాగే తప్పు వేరు. పడుకోబెట్టి బిగించాల్సిన రేకు రకాన్ని నిలువుగా, నీళ్ళు కిందికి దిగే పైపుకు బిగిస్తే రేకు ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది. నీళ్ళు బ్రహ్మాండంగా వస్తాయి, కాపలా మాత్రం ఉండదు. ఇక మరీ బిగువైన స్ప్రింగు రకం వేస్తే డాబా ట్యాంకు ఒత్తిడికి తెరుచుకోక ధార సన్నబడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు లోపలి స్ప్రింగు పీకేసి "ఇప్పుడు చూడండి ఫోర్సు" అంటారు. తక్కువ ఒత్తిడికి పనిచేసేదే కావాలని కొట్లోనే అడిగి తీసుకోండి.

ఎన్నార్వీ పెట్టగానే పని అయిపోలేదు. వెనక్కి దారి మూసేశాం కదా, ఉబ్బిన నీళ్ళు మరి ఎక్కడికి పోవాలి? అందుకే గీజరుకు ఒత్తిడి వదిలే సేఫ్టీ వాల్వు ఉంటుంది. చాలా కంపెనీలు ఈ రెంటినీ కలిపి ఒకే ముక్కగా డబ్బాలో ఇస్తాయి. కాగేటప్పుడు దాని ముక్కులోంచి చుక్కచుక్కగా నీళ్ళు కారతాయి. ఇంట్లోవాళ్ళు "గీజరు కారుతోంది" అని ప్లంబర్ని పిలుస్తారు, అతను ఆ ముక్కుకు ఒక ఎండ్ క్యాపు బిగించి వెళ్ళిపోతాడు. ఇంతకంటే ప్రమాదమైన పని ఆ గదిలో మరొకటి లేదు. థర్మోస్టాటు పాడైన రోజున ఆ డబ్బా పగలడానికి ఏ అడ్డూ ఉండదు. ఆ చుక్కలు రోగం కాదు, గీజరు ఆరోగ్యం. ముక్కుకు సన్నటి గొట్టం తగిలించి నేల మీది జాలీ దాకా దించండి, కొస మాత్రం మురికినీళ్ళలో మునగకుండా చూడండి. వేడి చేయకపోయినా ఆగకుండా కారుతుంటే అది వేరే సంగతి, అప్పుడు వాల్వు మార్చాల్సిందే.

మన దగ్గర ఎన్నార్వీకి శత్రువు సున్నం. బోరునీటిలో కరిగివున్న బైకార్బనేట్లు వేడి తగలగానే సున్నపు పొరగా మారతాయి. మన ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. ఈ ప్రాంతపు బోర్లలో ఆ రెండో అంకె కూడా దాటేవి ఉన్నాయి. రేకు మధ్య సున్నపు పలుకు ఇరుక్కుంటే వాల్వు సగం తెరుచుకుని నిలిచిపోతుంది. ఏటా ఒకసారి, చలికాలం మొదట్లో, విప్పి కడిగించండి.

మీట నొక్కే షవర్లూ వాల్ మిక్సర్లూ

ఎన్నార్వీ ఉన్నా వేణ్ణీళ్ళు చన్నీళ్ళలోకి దూరే దొంగదారి ఒకటుంది. వాల్ మిక్సరుకు చేతి షవరు తగిలించి, చివర మీట నొక్కితేనే నీళ్ళొచ్చేలా పెట్టుకుంటారు. స్నానం అయ్యాక మిక్సరు తిప్పులు రెండూ తెరిచే ఉంచి, చివరి మీట ఒక్కటే వదిలేస్తారు. ఇప్పుడు ఆ మిక్సరు లోపల వేడి లైనూ చల్లని లైనూ నేరుగా కలిసివున్నాయి. ఎటు ఒత్తిడి తక్కువైతే అటు పారతాయి. మేడమీద ఇలా ఒక మిక్సరు వదిలేస్తే కింద ఆర్వో ఫిల్టరుకు వేణ్ణీళ్ళు అందవచ్చు. దాని లోపలి పొర నలభై, నలభై అయిదు డిగ్రీలు దాటిన నీటిని తట్టుకోదు. ఫిల్టరు ఏడాది కూడా రాలేదని కంపెనీని తిట్టేవాళ్ళు ఒకసారి బాత్రూములోకి వెళ్ళి మిక్సరు చూడండి.

ఇది పట్టుకోవడం తేలిక. గీజరు స్విచ్చి కట్టేయండి. గీజరుకు వెళ్ళే చన్నీళ్ళ వాల్వు మూసేయండి. ఇప్పుడు ఇంట్లో ఏదైనా వేణ్ణీళ్ళ కుళాయి తిప్పండి. కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధార వస్తూనే ఉంటే ఎక్కడో ఒక మిక్సరులో చన్నీళ్ళు వేడి లైన్లోకి దూరుతున్నాయన్నమాట. ఒక్కొక్క మిక్సరునూ పూర్తిగా కడుతూ వస్తే దొంగ దొరుకుతాడు.

అంతకంటే అసహ్యమైనది మరుగుదొడ్డి పక్కన వేలాడే జెట్టు. దాన్ని కొక్కేనికి తగిలించకుండా బకెట్లో పడేసి ఉంచే ఇళ్ళు ఎన్నో. కమోడులో వేలాడదీసినవీ ఉంటాయి. పైన ట్యాంకు ఖాళీ అయి, కింద అంతస్తులో ఎవరో కుళాయి తిప్పారనుకోండి. పైపులో దిగే నీళ్ళు వెనకాల ఖాళీని వదులుతాయి, ఆ ఖాళీ బకెట్లో మునిగిన జెట్టు ద్వారా, దాని మీట వదులుగా ఉంటే, ఆ నీటిని పీల్చేస్తుంది. పై అంతస్తు మరుగుదొడ్డి బకెట్టు, కింది అంతస్తు వంటింటి కుళాయి. నమ్మకం కుదరకపోతే మంచినీళ్ళతోనే పరీక్షించండి. ట్యాంకు వాల్వు కట్టి, ఇంట్లో అన్నిటికంటే కిందున్న కుళాయి తెరవండి. పై అంతస్తులో జెట్టు కొసను నిండు గ్లాసులో ముంచి మీట నొక్కండి. గ్లాసులో నీళ్ళు తగ్గుతుంటే మీ ఇంటి పైపులు తాగుతున్నాయి.

దీనికి పాత ప్లంబర్లకు తెలిసిన విరుగుడు ఒకటి ఉంది. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుకు, వాల్వు దాటాక, ఒక ఖాళీ గొట్టాన్ని ట్యాంకు కంటే ఎత్తుగా నిలబెడతారు. వాల్వు కట్టినా ఆ గొట్టం గుండా గాలి లోపలికి వస్తుంది, పీల్పు ఆగిపోతుంది. అది ఎందుకుందో తెలియక ఉడతలు దూరుతున్నాయని మూత బిగించేవాళ్ళు ఉన్నారు. మూత వద్దు, దోమజాలి కట్టండి.

ఇలాంటివి కాగితం మీది భయాలు కావు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు రెండు పెద్ద హోటళ్ళలో పాత పైపుల వల్ల మురుగు తాగునీటిలో కలిసి అమీబిక్ విరేచనాలు పాకాయి, 98 మంది చనిపోయారు. 1969లో అమెరికాలోని వూస్టరు పట్నంలో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు దాదాపు మొత్తం పచ్చకామెర్లతో పడిపోయింది. మైదానంలో నేలమట్టంగా ఉన్న నీటి కుళాయి గుంతలో మురికినీళ్ళు నిలిచాయి. దగ్గర్లో ఇల్లు కాలుతుంటే ఫైరింజన్లు వీధి పైపు నుంచి నీళ్ళు గుంజాయి. పైపులో ఒత్తిడి పడిపోయి ఆ గుంత నీళ్ళు లోపలికి పోయాయి. ఆటగాళ్ళు తాగింది అదే పైపు నీళ్ళు. ఆ ఏడు జట్టు మిగిలిన ఆటలన్నీ రద్దు చేసుకుంది.

ఫైరింజను రోజూ రాదు గదా అనుకోవద్దు. మన వీధుల్లో నీళ్ళు వదిలే గంటలో ఇంటింటికీ ఒక ఫైరింజను ఉంటుంది, మున్సిపల్ కుళాయికి నేరుగా బిగించిన మోటారు రూపంలో. అది చట్టరీత్యా తప్పని అందరికీ తెలుసు, పక్కింటివాడు పెట్టాడు కాబట్టి మనమూ పెడతాం. నల్లరేగడి నేల ఎండాకాలం నెర్రెలు విచ్చి, వానాకాలం ఉబ్బి భూమిలోని పైపుల జాయింట్లను కదిలిస్తుంది. పక్కనే మురుగుకాలువ. రోజుకు గంటో, రెండు మూడు రోజులకోసారో నీళ్ళొచ్చే ఊళ్ళలో మిగిలిన సమయమంతా పైపు ఖాళీయే. ఆ ఖాళీలోకి కాలువ నీళ్ళు ఊరతాయి, మోటారు వేయగానే లాగేస్తుంది. 2018 మార్చిలో పాత గుంటూరులో, ఆనందపేట చుట్టుపక్కల, మురుగు కలిసిన తాగునీటి వల్ల అతిసారం వ్యాపించింది. వందల మంది ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో చేరారు, పది మందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటనలో అసలు బాధ్యత వీధి పైపులదే, ఇళ్ళవాళ్ళది కాదు. కానీ వీధి పైపు ఎంత బలహీనమో తెలిశాక దాన్ని పీల్చే యంత్రాన్ని మన గుమ్మంలో పెట్టుకోవడం ఏం తెలివి? మున్సిపల్ నీళ్ళు తమంత తాము సంపులోకి పడాలి, మోటారు సంపు నుంచి తోడాలి.

సంపులో పడే పైపు కొస నీటిమట్టం కంటే పైనే ఆగాలి. కనీసం పైపు వ్యాసానికి రెట్టింపు, ఎంత సన్న పైపైనా అంగుళానికి తగ్గకుండా గాలి సందు వదలాలి. ఏ ఖరీదైన వాల్వూ ఈ సందుకు సాటి రాదు, ఎందుకంటే అరిగిపోవడానికి అందులో ఏమీ లేదు. నీళ్ళు పడే చప్పుడు వస్తోందని పైపును ట్యాంకు అడుగుదాకా దించడం మన దగ్గర చాలా మామూలు. చప్పుడే నయం.

బోరునూ మున్సిపల్ లైనునూ ఒకే పైపుగా కలిపి డాబా ట్యాంకుకు ఎక్కించిన ఇళ్ళు ఇంకో పరీక్ష చేసుకోవాలి. మున్సిపల్ నీళ్ళు రాని వేళ చూసి మీ బోరు మోటారు వేయండి. గేటు దగ్గరి మున్సిపల్ కుళాయి తిప్పండి. నీళ్ళొస్తే అవి మీ బోరువే, వీధి పైపులోకీ పోతున్నాయి. పక్కింటి పసిపిల్లకు మీరు ఫ్లోరైడు పోస్తున్నారన్నమాట.

పొలం నుంచి వచ్చేది

పత్తికీ మిరపకూ మందు కొట్టే నెలల్లో ఈ అధ్యాయం ఇంటి గోడ దాటుతుంది. డ్రమ్ములో ముందు మందు పోసి, తర్వాత గొట్టం ముంచి, నీళ్ళు వదిలి, అవే కలుస్తాయిలే అనుకోవడం చాలామందికి అలవాటు. మోటారు ఆగగానే పైపులోని నీళ్ళు బోరులోకి జారాలని చూస్తాయి. మోటారులోని రేకు అరిగిపోయి ఉంటే డ్రమ్ములోని మందునీళ్ళు కూడా వాటి వెంటే పోతాయి. ఇంటి పెరట్లో డాబా ట్యాంకు కుళాయికి గొట్టం పెట్టి పవర్ స్ప్రేయరు నింపినా ఇదే కథ, ఈసారి బోరు బదులు వంటిల్లు. గొట్టాన్ని డ్రమ్ము అంచుకు జానెడు ఎత్తున తాడుతో కట్టేయండి. నీళ్ళు పట్టాక, గొట్టం తీసేశాక, అప్పుడు మందు పోయండి. స్ప్రేయరు కడగడం బాత్రూములో అసలే వద్దు. మందు కొట్టి వచ్చిన మనిషి ఒళ్ళు కడుక్కోవడానికి వాడే షవరు గొట్టం కింద పడితే, నేల మీద నిలిచే నీళ్ళు ఎలాంటివో మీకే తెలుసు.

సోలారు

ఇక డాబా మీదికి. సోలారుతో వచ్చే తప్పులు ఎక్కువభాగం చన్నీళ్ళ కనెక్షను దగ్గరే. ఇంట్లోకి దిగే పైపుకు టీ వేసి అందులోంచే సోలారుకు ఇస్తారు. అలా కాకుండా ట్యాంకు నుంచి సోలారుకు విడిగా పైపు రావాలి, ఎన్నార్వీ ఉండాలి, ఆ పైపు సోలారు చేరే ముందు ఒక రెండడుగులు కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కాలి. వేడి నీళ్ళు తేలిక కాబట్టి ఆ మలుపులోంచి కిందికి దిగి వెనక్కి పోలేవు. సోలారు గాలి గొట్టం డాబా ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుండాలి. అందులోంచి పొంగే నీళ్ళు వృథా ఎందుకని గొట్టాన్ని వంచి మంచినీళ్ళ ట్యాంకులోకి తిప్పే పొదుపరులున్నారు. ఉడికి, సున్నం తేలిన నీళ్ళు నేరుగా ట్యాంకులో పడతాయి.

ఇంకో పొదుపు పైపుల దగ్గర. వేణ్ణీళ్ళకు సీపీవీసీ కావాలి, దాని సొల్యూషనూ వేరే. సోలారు దగ్గర మొదటి గజమే మహా వేడి, సరిగ్గా అక్కడే తెల్ల యూపీవీసీ ముక్క వేసి ముగిస్తారు. అరవై డిగ్రీల దగ్గర అది మెత్తబడి వంగుతుంది, జాయింటు విడుతుంది. పాత పీవీసీ పైపుల్లో సీసం కూడా ఉండేది. దాన్ని తొలగించాలని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది, కాబట్టి అంతకు ముందు వేసిన లైనైతే వేడినీటికి అస్సలు నమ్మకండి. కొత్త లైనైనా సొల్యూషను వాసన పోయేదాకా నీళ్ళు వదిలి పారబోయాలి.

ఈ కారణాలన్నీ కలిపి వంటింటికి ఒక కట్టడి పెట్టుకోండి: గ్యాసు ఆదా అవుతుందని అన్నానికి ఎసరు గీజరు నీళ్ళతో పెట్టవద్దు. చన్నీళ్ళు పోసి పొయ్యి మీద కాచండి. మరిగించిన నీళ్ళే గదా అంటారు. మరిగితే క్రిములు చస్తాయి, లోహాలు చావవు. ఫ్లోరైడు కూడా అంతే, నీళ్ళు ఆవిరైనకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది.

క్రిముల మాట వచ్చింది కాబట్టి. గీజరును నలభై దగ్గర పెడితే కరెంటు మిగులుతుందని చెబుతారు. కానీ ఇరవై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య గోరువెచ్చదనంలో లెజియోనెల్లా అనే క్రిమి పెరుగుతుంది. షవరు తుంపరతో ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభ తర్వాత వచ్చిన మరణాలతో లోకానికి ఈ క్రిమి సంగతి తెలిసింది. అరవై దగ్గర కాచి, బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు పోసి కలుపుకోండి. వేడి పెరిగితే సున్నం కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. కడిగించుకోవడం తేలిక.

ఇప్పటికే నీళ్ళు పాడయ్యాయని అనుమానం ఉంటే వాసన, రంగు చూసి తీర్పు చెప్పకండి. హెచ్.టు.ఎస్. సీసా అడగండి. 1982లో మాంజా, మౌర్య, రావు అనే ముగ్గురు భారతీయ శాస్త్రవేత్తలు తయారుచేసిన పరీక్ష ఇది. సీసాలో నీళ్ళు పోసి వెచ్చగా ఉంచితే, మలం తాలూకు క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. వీధి కుళాయి నుంచి ఒకటి, వంటింటి కుళాయి నుంచి ఒకటి పెట్టండి. మొదటిది నల్లబడకుండా ఉండి రెండోది నల్లబడితే తప్పు మీ ఇంట్లోనే ఉంది, కార్పొరేషను మీద అర్జీ రాసే పని లేదు.

శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం. గీజరు కరెంటు తీసేయండి. తప్పు కనెక్షను సరిచేయించండి, ముందు కడిగి తర్వాత సరిచేస్తే మళ్ళీ కడగాల్సిందే. ట్యాంకు రుద్ది కడిగి నింపండి. వెయ్యి లీటర్లకు తాజా బ్లీచింగ్ పౌడరు రెండు వందల గ్రాములు బకెట్లో కలిపి, తేరాక పై నీళ్ళు ట్యాంకులో పోయండి. ప్రతి కుళాయీ, వేడిదీ చల్లదీ, బ్లీచింగ్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. రాత్రంతా ఉంచి పొద్దున్నే వాసన పోయేదాకా వదిలేయండి. ఫిల్టరును మాత్రం ముందే విడదీయండి, క్లోరిను దాని పొరను తినేస్తుంది. సున్నం తీసే యాసిడ్ పని ఉంటే అది వేరే రోజు. యాసిడూ బ్లీచింగూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది, మూసివున్న బాత్రూములో ప్రాణం తీస్తుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకు గోడ కొట్టే హక్కు లేదు. అయినా చేయగలిగింది తక్కువేమీ కాదు. మిక్సరు తిప్పులు రెండూ కట్టి బయటికి రండి. జెట్టును కొక్కేనికి తగిలించండి. తాగడానికీ వండడానికీ డాబా ట్యాంకు నీళ్ళు కాకుండా వీధి కుళాయి దగ్గరే పట్టుకోండి. గీజరుకు చన్నీళ్ళు తెచ్చే వంగే పైపు గోడ బయటే ఉంటుంది కాబట్టి ఎన్నార్వీ, సేఫ్టీ వాల్వు కలిసిన ముక్క అక్కడ బిగించడం ప్లంబరుకు కాసేపటి పని. ఓనరు డబ్బులివ్వకపోతే మీరే పెట్టుకోండి, ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోవచ్చు. కొత్త ఇంట్లో బిగించేటప్పుడు బాణం గుర్తు ఎటు చూస్తోందో మళ్ళీ చూసుకోండి.